మూడొందల మంది కూర్చున్నారు

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడి "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని లోకాన్ని ఆజ్ఞాపించిన మనిషికి, ఒక కాగితం చేతిలో పెట్టి ఇది చెయ్యి, అది చెయ్యకు అంటే ఎలా ఉంటుంది? ఒళ్ళు మండుతుంది. కండక్టరుకీ మండింది. ఉద్యోగం దిగి నాలుగేళ్ళయినా ఇంటాబయటా అందరూ ఆయన్ని కండక్టరు గారనే అంటారు, ఆయనా ఆ పిలుపుకే పలుకుతాడు. అయితే కాగితం ఇచ్చింది కోడలు. అందుకని మంటని మింగేసి, కళ్ళజోడు తగిలించుకుని చదివాడు.

పదకొండు అంశాలు ఉన్నాయి అందులో. బోను తప్పనిసరి. గొళ్ళెం వేశాక దానిమీద క్లిప్పు కూడా. నీళ్ళు ఇంటివే పట్టాలి. చిన్న ఫ్యాను, దాని బ్యాటరీలు. తడిపి కప్పడానికి రెండు తువ్వాళ్ళు. బోనులో పరవడానికి తన పాత చున్నీ, ఉతకనిది. ఆఖరి అంశం కింద రెండు గీతలు కూడా గీసింది: "మావయ్యా, ఒక్క క్షణం కూడా వదిలి వెళ్ళకండి."

"పెళ్ళికూతుర్ని కూడా ఇన్ని జాగ్రత్తలతో పంపరు," అన్నాడు కండక్టరు.

"అది పెళ్ళికూతురి కన్నా పిరికిది మావయ్యా," అంది కోడలు మంచం మీంచే.

కోడలికి ఏడో నెల. మంచం దిగితే ఊరుకోనని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. కుక్కల ప్రదర్శనకి పేరు ఇచ్చినప్పుడు ఈ మంచం సంగతి ఎవరికీ తెలీదు. ఆర్నెల్లపాటు రోజూ పొద్దున్నే పెరట్లో ఆ కుక్కని నిలబెట్టి, నడిపించి, తల ఎత్తడం నేర్పింది. కప్పు మాట దేవుడెరుగు, ఒక్కసారి రింగులో నిలబడితే చాలు అనేది. కుక్క పేరు మిరియం. నల్లగా, ఒత్తుగా, చెవులు నేలకి జీరాడుతూ ఉండే కాకర్ స్పానియల్. పోయినసారి కోడలికి బిడ్డ దక్కలేదు. వచ్చినవాళ్ళందరూ ఓదార్చి, కాఫీలు తాగి వెళ్ళిపోయారు. మిరియం మాత్రం ఇరవై రోజులు ఆ మంచం కింద నుంచి కదల్లేదు. అది కండక్టరు కళ్ళారా చూశాడు. అందుకే కొడుక్కి సెలవు దొరక్కపోతే, "నేను తీసుకెళ్తాలే అమ్మాయ్" అని తనే నోరు జారాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ బోను ఆయనకి మింగుడు పడలేదు. కన్నబిడ్డలా చూసుకునే ప్రాణిని ఇనప ఊచల వెనక పెట్టడమేమిటి? అది చేసిన నేరమేమిటి? కోడలు చూడకుండా బోనుని వీధి తలుపు వెనక్కి నెట్టేసి, మిగతావన్నీ సంచిలో వేసుకుని, కుక్కని ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కారెక్కాడు. మంచిపని చేశాననే అనుకున్నాడు, పాపం.

ప్రదర్శన ఒక పెద్ద ఆటస్థలంలో. చుట్టూ పొట్టి గోడ, లారీలు తిరిగే రోడ్డు వైపు ఒక పెద్ద గేటు. మధ్యలో తాళ్ళు కట్టి నాలుగు రింగులు, ఒక పక్క పొడుగాటి రేకుల షెడ్డు. షెడ్డులో వరసగా బోనులు, వాటి ముందు మడత కుర్చీలు. కుక్కలకి స్నానాలు, పౌడర్లు, జుట్టు దువ్వడాలు. ఒక బొచ్చుకుక్క గారికి ఇద్దరు మనుషులు రెండు వైపులా కూర్చుని దువ్వుతుంటే, కండక్టరు తన బట్టతల ఒకసారి నిమురుకుని ముందుకు నడిచాడు.

ఆయనకి ఇచ్చిన చోటు పక్కనే ఒకావిడ ఉంది. అరవై దాటి ఉంటాయి. తెల్ల కాన్వాసు బూట్లు, కర్రలా నిటారైన నడుం, ముక్తసరి మాటలు. కండక్టరు మనసులోనే ఆవిడకి డ్రిల్లు టీచరని పేరు పెట్టేశాడు. ఆవిడది పొడుగు మూతి కోలీ, పెద్ద బొచ్చుది. దాని పేరు దొరసాని. దొరసాని బోను చూస్తే మనకే అందులో పడుకోవాలనిపిస్తుంది. ఎండ వచ్చే వైపు తడిగుడ్డ, గాలి వచ్చే వైపు ఖాళీ, ఊచలకి తగిలించిన నీళ్ళ గిన్నె, కింద మెత్తటి చాప, మూల చిన్న ఫ్యాను. డ్రిల్లు టీచరు పది నిమిషాలకోసారి చెయ్యి లోపల పెట్టి చూస్తోంది.

"ఏం చూస్తున్నారండీ?" అని అడిగాడు కండక్టరు, ఉండబట్టలేక.

"లోపల ఉక్కపోస్తోందేమోనని. బయట నిలబడితే తెలీదు కదా," అని, ఆవిడ మిరియం వైపు చూసింది. "మీ బోనేదండీ?"

"మా కుక్క బుద్ధిమంతురాలండీ. బోను అక్కర్లేదు."

"అది బుద్ధిమంతురాలే. ఈ మైకు కాదు, ఈ జనం కాదు. బోను లేకుండా ఎలా తెచ్చారండీ?"

మొదలుపెట్టింది, అనుకున్నాడు కండక్టరు. ఒక ఇనప మడత కుర్చీ లాక్కుని, మిరియం తాడుని దాని కాలికి రెండు ముళ్ళు వేసి, మీద కూర్చున్నాడు. తను కూర్చున్నంతసేపూ కుర్చీ ఎక్కడికి పోతుంది? కుర్చీ పోనంతసేపూ కుక్క ఎక్కడికి పోతుంది? ఆ లెక్కలో తప్పేం లేదు. తను లేచి నిలబడతాననే సంగతి ఒక్కటే అందులో వెయ్యలేదు.

పదకొండున్నరకి నంబర్లు ఇచ్చే బల్ల దగ్గర తోపులాట మొదలైంది. వెనకొచ్చినవాడు ముందు దూరుతున్నాడు, ముందున్నావిడ కుక్కని చంకలో పెట్టుకుని కేకలేస్తోంది. కండక్టరు చూశాడు. చూసి ఓర్చుకున్నాడు. ఇంకో ఇద్దరు దూరారు. ఇక ఆయన వల్ల కాలేదు. క్యూ చెడిపోతుంటే కూర్చుని చూడటం ఆ మనిషికి చేతకాదు. "లైన్లో రండి! లైన్లో!" అంటూ లేచి, నాలుగంటే నాలుగే అడుగులు వేశాడు.

సరిగ్గా అప్పుడే మైకు కీచుమంది.

మిరియం ఎగిరి పడింది. కుర్చీ దబ్బున పడి, ఫెళ్ళున మడుచుకుంది. వెనక ఏదో వచ్చి పడిందనుకుని కుక్క పరుగెత్తింది. అది పరుగెత్తితే కుర్చీ పరుగెత్తింది. కుర్చీ చప్పుడుకి కుక్క ఇంకా పరుగెత్తింది. ఇక ఆ రెండింటికీ అంతు లేదు. అది కుర్చీని ఈడుస్తోందని మనకి తెలుసు. దానికి తెలిసింది ఒక్కటే, ఇనప భూతమేదో తన వెంట పడిందని.

"మిరియం! ఆగు! పట్టుకోండి! పట్టుకోండయ్యా!" బస్సు ఆ చివర నుంచి ఈ చివరకి వినపడే గొంతుతో అరుస్తూ వెంటపడ్డాడు కండక్టరు. ఆయన అరిచినకొద్దీ కుక్క చెవులు వెనక్కి పోయాయి, పరుగు పెరిగింది. రింగు తాళ్ళ కింద నుంచి దూరి, ఆటస్థలానికి అడ్డంగా, తిన్నగా గేటు వైపు. గేటు బార్లా తెరిచి ఉంది. అవతల లారీలు పోతున్నాయి. కండక్టరు పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళ ముందు కుక్క కూడా లేదు, మంచం మీద పడుకున్న కోడలు ఉంది.

అప్పుడు ఎవరో ఒకే ఒక్కసారి, అరుపు కాని గొంతుతో, "కుక్క తప్పించుకుంది," అన్నారు.

గేటు దగ్గరి ఆయన రెండు తలుపులూ లాగేసి గడియ పెట్టాడు. మైకు ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది కండక్టరు జన్మలో చూడలేదు. ఆటస్థలంలో ఉన్న మనుషులందరూ ఎక్కడివాళ్ళక్కడ నేలమీద కూర్చున్నారు. ఇస్త్రీ బట్టలవాళ్ళు, పట్టుచీరలవాళ్ళు, చేతిలో టీ గ్లాసులవాళ్ళు. రింగు మధ్యలో టై కట్టుకున్న జడ్జి గారు ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని మట్టిలో చతికిలబడ్డాడు. బల్ల దగ్గర లైను తప్పినవాళ్ళూ కూర్చున్నారు. మూడొందల మంది ఉంటారు. ఒక్కరూ మాట్లాడలేదు, ఒక్కరూ కుక్క వైపు చూడలేదు.

నిలబడింది కండక్టరు ఒక్కడే. వెనక నుంచి డ్రిల్లు టీచరు ఆయన చొక్కా పట్టుకుని కిందకి లాగింది.

"కూర్చోండి. నోరు మూసుకోండి."

"గేటు మూసేశారుగా అమ్మా, వెళ్ళి పట్టుకుంటా..."

"మీరు వెళ్తే అది గోడ దూకుతుంది. కుర్చీ అవతల పడ్డా, ఇవతల పడ్డా మెడ బిగుసుకుంటుంది. కూర్చోండి."

కండక్టరు కూర్చున్నాడు. బతుకంతా అరిచిన నోటికి తన చెయ్యే అడ్డం పెట్టుకున్నాడు.

మిరియం మూసిన గేటు దాకా వెళ్ళి, గిర్రున తిరిగి, ఒక చుట్టు చుట్టింది. ఎటు చూసినా కూర్చున్న మనుషులు, తనని పట్టించుకోని మనుషులు. ఎవరూ తరమడం లేదు. పరుగు నడకైంది, నడక ఆగింది. అది ఆగితే కుర్చీ కూడా ఆగింది. గోడ వారగా నిలబడి, నాలుగు కాళ్ళూ వణుకుతూ రొప్పుతోంది. ఒక కాలు కదిపితే కుర్చీ కిర్రుమనేది, మళ్ళీ బిగుసుకుపోయేది.

"దీన్ని పెంచిన మనిషిదేమైనా ఉందా మీ దగ్గర? బట్టలాంటిది?" డ్రిల్లు టీచరు చెవిలో అడిగింది.

కండక్టరు భుజాన ఉన్న సంచిలోంచి కోడలి చున్నీ తీశాడు.

డ్రిల్లు టీచరు అది తీసుకుని వంగి వంగి షెడ్డులోకి వెళ్ళి, దొరసానిని బయటికి తీసి, తాడు తన నడుముకి కట్టుకుని, ఖాళీ బోనులో చున్నీ పరిచి, తన ముందు కూర్చున్నవాళ్ళ వైపు నెమ్మదిగా నెట్టింది. వాళ్ళు లేవకుండానే వాళ్ళ ముందువాళ్ళకి జరిపారు. వాళ్ళు ఇంకొంచెం ముందుకి. రద్దీ బస్సులో వెనక సీటాయన చిల్లర చేతులు మారుతూ కండక్టరు దాకా వచ్చినట్టు, ఆ బోను మనిషి నుంచి మనిషికి జరుగుతూ గేటు వైపు పోయింది. ఎక్కడా గలగల లేదు. ఊచలు మోగకుండా ఒకాయన తన కోటు విప్పి కింద పరిచాడు. ఆఖరికి అది గేటు ఆయన చేతికి చేరింది. ఆయన తలుపు తెరిచి గోడ వారగా పెట్టి, కూర్చునే కాస్త వెనక్కి జరిగాడు.

ఐదు నిమిషాలో, పదో. కండక్టరుకి ఐదు గంటల్లా అనిపించింది.

మిరియం ముక్కు కదిలింది. మెడ సాచింది. కుర్చీ కిర్రుమంది, ఆగింది. ఇంకో అడుగు. అక్కడ తనని పెంచిన మనిషి వాసన ఉంది, నలువైపులా దడి ఉంది, దూరి దాక్కునే చోటుంది. కండక్టరు జైలనుకున్న దాంట్లోకి ఆ కుక్క ఇంటికొచ్చినట్టు వెళ్ళి, చున్నీలో మూతి దూర్చి పడుకుంది. కుర్చీ గుమ్మం దగ్గర అడ్డం పడింది. గేటు ఆయన చెయ్యి చాచి, తలుపు తాడు మీదకి మూసి పట్టుకున్నాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. డ్రిల్లు టీచరు నడుచుకుంటూ వెళ్ళి, తాడు ముడి విప్పి, గొళ్ళెం వేసి, దానిమీద క్లిప్పు పెట్టి చెయ్యి ఎత్తే దాకా ఎవరూ లేవలేదు. అప్పుడు లేచి, బట్టలు దులుపుకుని, ఏమీ జరగనట్టు ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు.

గండం అక్కడితో గడవలేదు. షెడ్డుకి తెచ్చేసరికి మిరియం నాలుక బారెడు బయటికొచ్చి ముదురు ఎరుపుకి తిరిగింది, కళ్ళు తేలేసింది. మండుటెండలో ఆ పరుగు, ఆ భయం. డ్రిల్లు టీచరు ప్రదర్శన డాక్టరుకి కబురు పంపి, ఈలోగా తనే నేలమీద కూర్చుంది. తువ్వాలు తడిపి పొట్ట కింద పెట్టింది. పాదాలు తడిపింది. చెవులు ఎత్తి లోపలి వైపు తడిపింది. కండక్టరు ఐసు తెస్తానంటే, "వద్దు, మామూలు నీళ్ళే. తువ్వాలు వేడెక్కగానే మార్చాలి, మీరు తడుపుతూ ఉండండి," అంది. ఆయన తడుపుతూనే ఉన్నాడు. ఏదో ఒకటి చెయ్యమని చెప్పినందుకే ఆవిడకి దండం పెట్టాలనిపించింది.

మైకులో ఏదో నంబరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచాక ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా! నీ నంబరే! దొరసానిని పిలుస్తున్నారు, నీకు వినపడట్లేదా?"

"వినపడింది."

"ఇదొక్కటి గెలిస్తే ఛాంపియన్ అక్కా! వచ్చే ఏడాదికి దాని మోకాళ్ళు రింగులో నిలవవు, నీకు తెలుసుగా! కుక్కని నాకివ్వు, నేను తీసుకెళ్తా."

"నా తాడు తప్ప ఇంకొకరి తాడుకి అది నడవదు. నువ్వెళ్ళు తమ్ముడూ, గాలి అడ్డొస్తున్నావ్."

కండక్టరుకి తల కొట్టేసినట్టయింది. "అమ్మా, మీరు వెళ్ళండమ్మా, నేను చూసుకుంటాను," అన్నాడు. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, అదే ఇంకా బాధ. "తువ్వాలు," అంది. ఆయన తువ్వాలు తడిపి ఇచ్చాడు.

డాక్టరు వచ్చి చూసి, చెయ్యాల్సిందంతా చేసేశారన్నాడు. అరగంటకి మిరియం తల ఎత్తి, డ్రిల్లు టీచరు అరచేతిలో నీళ్ళు నాలుగుసార్లు నాకింది. కండక్టరు అక్కడే, షెడ్డు స్తంభానికి ఆనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన భార్య పోయినప్పుడు కూడా ఎవరూ చూడకుండా ఏడ్చిన మనిషి.

మిరియం రింగులో నిలబడలేదు. ఆ సంగతే ఆయన మర్చిపోయాడు. సాయంత్రం జనం ఇంటిదారి పట్టే వేళకి, కుక్క తాడు మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుని గేటు పక్కన నిలబడి, బయటికెళ్ళే ఒక్కొక్కరికీ చేతులెత్తి దండం పెట్టాడు. కొందరు నవ్వారు. "కుర్చీ తాతగారు!" అని పిల్లకి చూపించింది ఒకావిడ. టై జడ్జి గారు ప్యాంటు వెనక ఇంకా మట్టితోనే వచ్చి, "నీళ్ళు తాగుతోందా?" అని అడిగి వెళ్ళాడు. డ్రిల్లు టీచరు మాత్రం ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చింది. "ఇంటికెళ్ళాక ఎలా ఉందో చెప్పండి," అంది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకునేసరికి ఆవిడ దొరసానిని కారెక్కించుకుని వెళ్ళిపోయింది.

వీధి గుమ్మంలోనే కొడుక్కి జరిగిందంతా చెప్పాడు. కొడుకు మొహం పాలిపోయింది. "నాన్నా, నీకు పుణ్యముంటుంది, తనతో అనకు. ఈ స్థితిలో కంగారు పడితే ప్రమాదం. బానే జరిగిందని చెప్పెయ్," అన్నాడు. అదీ నిజమేననిపించింది. నిజం చెప్పాలంటే, హాయిగా కూడా అనిపించింది.

మిరియం మంచమెక్కి కోడలి పొట్ట పక్కన ముడుచుకుంది. కోడలు దాని చెవులు నిమిరింది, పాదాలు తిప్పి చూసింది, ముక్కు తడిగా ఉందో లేదో చూసింది.

"ఎలా జరిగింది మావయ్యా?"

"బానే జరిగిందమ్మా. కప్పు రాలేదు."

"కప్పెవరికి కావాలి? పొద్దున్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు. దీన్ని ఇంత భద్రంగా తెచ్చి నా పక్కన పడుకోబెట్టారు. మా నాన్న కూడా ఇంత ఓపిగ్గా చూసేవాడు కాదు." కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించింది. "మీ మేలు మర్చిపోను మావయ్యా."

కండక్టరు ఆ జోడించిన చేతులు చూశాడు. అవి తనకి జోడించాల్సినవి కావు. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చుంటే లేపి నిలబెట్టిన మనిషి ఆయన. అబద్ధం చెప్పడం ఆయనకి అంత కష్టమేం కాదు, కొడుకు కోసం చెప్పేవాడే. కానీ తన తప్పు దాచాలంటే ఆ మూడొందల మందిని కూడా దాచాలి. వాళ్ళు మట్టిలో కూర్చోనట్టే, ఆవిడ తన నంబరుని వదులుకోనట్టే ఈ ఇంట్లో మిగిలిపోతుంది.

"ఆ దండం నాకు కాదమ్మా," అన్నాడు. కొడుకు వెనక నుంచి కళ్ళతో వారిస్తూనే ఉన్నాడు. కండక్టరు ఆగలేదు. తలుపు వెనక బోను దగ్గర మొదలుపెట్టి తడి తువ్వాళ్ళ దాకా, తనని ఏ మాత్రం వెనకేసుకు రాకుండా మొత్తం చెప్పాడు.

కుక్క మెడ మీద కోడలి చెయ్యి బిగిసింది. తర్వాత, "ఆవిడ నంబరు ఇలా ఇవ్వండి," అంది.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. అవతల నుంచి "ఎవరూ?" అన్న కరుకు గొంతు వినపడగానే కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. కండక్టరే అందుకున్నాడు.

"నేనండి. కుర్చీకి కట్టినవాణ్ణి."

"కుక్క నీళ్ళు తాగిందా?"

"తాగిందండి."

"ఒంటికి పోసిందా?"

"పోసిందండి, రెండుసార్లు."

"మరి ఏడుస్తున్నదెవరు?"

"మా కోడలండి. మీకు థాంక్స్ చెప్పాలని చేసింది, చెప్పలేకపోతోంది. అమ్మా, నా బుద్ధితక్కువకి మీ దొరసాని ఛాంపియన్ కాకుండా పోయింది. ఆ జనమంతా, జడ్జి గారితో సహా, నా కోసం మట్టిలో కూర్చున్నారు. మీకెలా చెప్పుకోవాలో నాకు తెలీడం లేదు."

అవతల ఎక్కడో దొరసాని ఒకసారి మొరిగింది.

"ఇరవై రెండేళ్ళ కిందట ఇలాగే నాదొకటి తాడు తెంపుకుంది," అంది ఆవిడ. "అప్పటికి ఈ కూర్చునే పద్ధతి లేదండీ. ఆ రోజు కూడా అందరూ మంచివాళ్ళే. పాపం, నాకు పట్టిద్దామని అందరూ దాని వెనకాల పరుగెత్తారు. రోడ్డు దాకా."

కోడలు మిరియంని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"దొరసానికి కప్పులతో పనేముంది? ఇక్కడ సోఫా మీద కాళ్ళు చాపుకుని పడుకుంది," అంది ఆవిడ. "అమ్మాయ్, వింటున్నావా? మీ మావయ్యని ఏమీ అనకు."

"అననండీ," అంది కోడలు వెక్కుతూ. చెయ్యి చాచి కండక్టరు చెయ్యి పట్టుకుని, ఫోన్ పెట్టేశాక కూడా వదల్లేదు.